వైరస్ ఒకటే, ఒళ్ళు వేరు

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సైన్సు సభలో, జన్యుశాస్త్రం బోధించే అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రికార్డు విని రాసుకున్నాం, మాటల తీరు మార్చలేదు. చివర సభికుల ప్రశ్నల్లో కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినబడుతోందా అండీ? సరే, ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే చాలు.

2021 వేసవి గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ డెల్టా రకం వచ్చినప్పుడు ఇక్కడ కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి జరిగే ఉంటుంది. అది నేను అడగను. ఆ తర్వాత మాత్రం, నేను జన్యుశాస్త్రం చెప్తానని తెలిసిన వాళ్ళంతా నన్నడిగింది ఒకటే. "ఐదుగురం ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే వంట తిన్నాం. అందరికీ పాజిటివే. మామ్మకు రెండు రోజులు జ్వరం వచ్చి పోయింది. నలభై దాటి రెండేళ్ళు కూడా కాని అన్నయ్య ఐసీయూలో చేరాడు. ఎందుకండీ?"

దీనికి మన ఊళ్ళో దొరికే సమాధానాలు మీకు తెలుసు. కషాయం తాగినవాళ్ళ జోలికి రాలేదన్నారు. గుంటూరు కారం తినేవాళ్ళను చూసి వైరసే పారిపోతుందన్నారు. మిర్చి ఘాటుకు మనకు తుమ్ములొస్తాయి గానీ వైరస్‌కేం కాదు, దానికి ముక్కు లేదు. ఇవేవీ కాకపోతే "రాసిపెట్టి ఉంది" అన్నారు. ఈమధ్య ఇంకో సమాధానం మొదలైంది: "అంతా జీన్స్‌లోనే ఉందటండీ." నా సబ్జెక్టు కాబట్టి నేను సంతోషించాలి. కానీ దీన్ని కూడా మిగతా సమాధానాల్లాగే, ఇక ఆలోచించక్కర్లేదు అన్నట్టు వాడేస్తున్నారు. జన్యువుల పాత్ర ఉంది. అది ఎక్కడుంది, ఎంత ఉంది, తెలిస్తే ఏం లాభం, ఇవే ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు ఎంత అనేది చెప్పేస్తాను, లేకపోతే ఇంటికెళ్ళి తప్పుగా చెప్తారు. కోవిడ్‌లో అన్నిటికన్నా బరువైన కారణం వయసు. టీకాలు రాకముందు 30 ఏళ్ళవాళ్ళకూ 75 ఏళ్ళవాళ్ళకూ చనిపోయే అవకాశంలో పదుల రెట్లు తేడా ఉండేది. అందరిలో సాధారణంగా కనిపించే జన్యు తేడాలు ఏవీ దాని దరిదాపులకు రావు. అవి ఒకటిన్నర రెట్లు, మహా అయితే రెండు రెట్లు. ఆ తర్వాత షుగరు, ఊబకాయం, కిడ్నీ జబ్బు, టీకా వేయించుకున్నారా లేదా, ఎంత వైరస్ లోపలికి పోయింది, కిటికీలు తెరిచి ఉన్నాయా. ఇవన్నీ లెక్కేశాక కూడా మిగిలిపోయే మనుషులుంటారు. అన్నయ్యలాంటి వాళ్ళు. వాళ్ళ దగ్గర జన్యువుల కథ మొదలవుతుంది.

అంటురోగానికి వారసత్వం ఏమిటి, అది బయటి నుంచి వచ్చేది కదా అనిపిస్తుంది. చాలాకాలం డాక్టర్లు కూడా అలాగే అనుకున్నారు. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ న్యుమోనియా వస్తే, ఒకే గాలి పీల్చారు కాబట్టి వచ్చిందనేవారు. గాలిని, రక్తసంబంధాన్ని విడదీయడం ఎట్లా? డెన్మార్కులో సోరెన్‌సెన్ అనే ఆయన బృందం దీనికో చక్కని దారి కనిపెట్టింది. దత్తత. అక్కడ దత్తత రికార్డులు భద్రంగా ఉంటాయి. 1920ల్లో పుట్టి, పసితనంలోనే ఏ చుట్టరికమూ లేని ఇళ్ళకు దత్తత వెళ్ళిన దాదాపు 960 మంది చరిత్ర తీశారు. కన్న తల్లిదండ్రుల్లో ఒకరు 50 ఏళ్ళలోపే ఏదో ఒక అంటురోగంతో పోయి ఉంటే, వేరే ఇంట్లో పెరిగిన బిడ్డకు కూడా అంటురోగంతో త్వరగా చనిపోయే అవకాశం ఐదు రెట్లకు పైగా పెరిగింది. పెంచిన తల్లిదండ్రులు అలా పోతే బిడ్డకు ఆ లెక్క పెరగలేదు.

ఇందులో విచిత్రం, క్యాన్సర్ విషయంలో సరిగ్గా తిరగబడింది. పెంచినవాళ్ళు క్యాన్సర్‌తో త్వరగా పోతేనే బిడ్డకు ముప్పు పెరిగింది, కన్నవాళ్ళతో అంతగా లేదు. మనం ఏది వంశపారంపర్యం అనుకుంటామో అది ఇంటి అలవాట్ల వైపు, ఏది బయటి నుంచి వచ్చిందనుకుంటామో అది రక్తం వైపు మొగ్గాయి. 1988లో ఈ పేపరు వచ్చింది. చిన్న సంఖ్యల మీద కట్టిన లెక్కే, క్యాన్సర్ మాటను మాత్రం నేను పెద్దగా పట్టుకోను. అంటురోగాల మాట నిలబడింది.

సరే, రక్తంలో ఏముంది? ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

వైరస్ మన కణంలోకి దిగిన మొదటి గంటల్లో యాంటీబాడీలు ఉండవు. అవి తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. అప్పటిదాకా కాపాడేది ఇంటర్ఫెరాన్ అనే ప్రొటీను. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టారు. ఇది ఊళ్ళో దండోరా లాంటిది. వైరస్ సోకిన కణం, చచ్చేలోపు, డప్పు కొడుతుంది. "నన్ను పట్టింది, మీరు తలుపులేసుకోండి" అని. చుట్టుపక్కల కణాలు ఆ డప్పు విని లోపల వందల జన్యువులను నిద్రలేపుతాయి. వైరస్ వచ్చేసరికి అక్కడ దాని ఆటలు సాగవు. డప్పు సమయానికి మోగితే అది పడిశం. మోగకపోతే వైరస్ ముక్కులోంచి ఊపిరితిత్తుల అడుగు దాకా దిగిపోతుంది.

ఇప్పుడు ఈ దండోరా ఎన్ని చోట్ల చెడిపోవచ్చో చూడండి. వైరస్‌ను మొదట పసిగట్టే ప్రొటీన్లున్నాయి. టీఎల్ఆర్-3, టీఎల్ఆర్-7, ఎండీఏ-5 అని పేర్లు. ఆ కబురు కణకేంద్రకానికి చేర్చేవి ఉన్నాయి, ఐఆర్ఎఫ్-7 లాంటివి. తర్వాత ఇంటర్ఫెరాన్. చివరికి పక్క కణం మీద దాన్ని అందుకునే గ్రాహకాలు. ఒక్కోటీ ఒక్కో జన్యువు. ఎక్కడ తెగినా పైకి మనిషి మామూలుగానే ఉంటాడు, ఆ ఒక్క వైరస్ వచ్చేదాకా.

2015లో ఫ్రాన్స్ నుంచి ఒక కేసు వచ్చింది. రెండున్నరేళ్ళ పాప. మామూలు ఫ్లూ. ఊపిరితిత్తులు పూర్తిగా దెబ్బతిని వెంటిలేటర్ మీదకు వెళ్ళింది. చూస్తే ఐఆర్ఎఫ్-7 జన్యువు రెండు ప్రతులూ పాడయ్యాయి. తల్లి నుంచి ఒక రకం లోపం, తండ్రి నుంచి ఇంకో రకం. తల్లికీ తండ్రికీ ఒక్కో మంచి ప్రతి ఉంది, వాళ్ళకేం కాలేదు. ఆ పాప బతికింది. జన్యు లోపం ఉన్నా మిగతా వైరస్‌లతో అంత ప్రమాదం మళ్ళీ రాలేదు. నాకు ఈ కేసులో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. రోగనిరోధక శక్తి అని మనం ఒక ముద్దగా మాట్లాడతాం, పెంచే పొడులు కూడా అమ్ముతారు. అది ముద్ద కాదు. ఒక్కో వైరస్‌కు ఒక్కో దారి, ఏ దారి తెగిందో దాన్ని బట్టే జబ్బు.

కోవిడ్ వచ్చినప్పుడు ఇదే పని చేస్తున్న కాసనోవా, హెలెన్ సూ లాంటివాళ్ళు ప్రపంచమంతా ఒక బృందంగా కలిశారు. ప్రాణాపాయ స్థితికి వెళ్ళిన 659 మందిని చూస్తే, దాదాపు 3.5 శాతం మందిలో ఈ దండోరా జన్యువుల్లో లోపాలు కనిపించాయి. తర్వాత ఇతర బృందాలు వెతికితే అంత శాతం దొరకలేదు. ఆ సంఖ్య మీద ఇంకా వాదన ఉంది. వాదన లేనిది టీఎల్ఆర్-7. నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాలు, ఒక్కో ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. అందరూ కుర్రవాళ్ళే, ఇంతకుముందు ఏ పెద్ద జబ్బూ లేదు. నలుగురూ ఐసీయూ. ఒకరు పోయారు. టీఎల్ఆర్-7 ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగవాడికి ఎక్స్ ఒక్కటే, అది తల్లి ఇచ్చేది. అది చెడితే ఇంకో ప్రతి లేదు. ఆడవాళ్ళకు రెండోది ఆదుకుంటుంది. తర్వాత పెద్ద పరిశీలనలో, విషమించిన కోవిడ్ వచ్చిన 60 ఏళ్ళలోపు మగవాళ్ళలో సుమారు 1.8 శాతం మందికి ఇదే లోపం తేలింది.

ఆ అన్నదమ్ముల సంగతి విన్నాక మన ఊళ్ళో "ఇద్దరు కొడుకులూ ఒకేసారి పోయారు" అని విన్నవి కొన్ని నాకు వేరేగా వినిపించడం మొదలైంది. అన్నీ అదేనని కాదు. ఆక్సిజన్ దొరక్క పోయినవాళ్ళున్నారు, దానికి జన్యువు మీద నెపం వేయకూడదు.

దీన్ని పోలిందే ఇంకోటి ఉంది, వారసత్వం కాకపోయినా చెప్పాలి. కొందరి ఒంట్లో సొంత ఇంటర్ఫెరాన్‌కే విరుగుడుగా యాంటీబాడీలు తయారవుతాయి. డప్పు మోగుతుంది, ఎవరో గోనెసంచి కప్పేస్తారు. విషమ స్థితిలో ఉన్న 987 మందిని పరీక్షిస్తే 101 మందికి ఇవి ఉన్నాయి, అందులో 95 మంది మగవాళ్ళు. 70 ఏళ్ళు దాటాక ఇవి ఉన్నవాళ్ళ సంఖ్య పెరుగుతుంది. ముసలివాళ్ళను కోవిడ్ ఎందుకు అంతగా కొట్టిందో దీనితో కొంత అర్థమైంది. జన్యువు చెడినా, గోనెసంచి కప్పినా ఫలితం ఒకటే. అంటే కీలకం ఆ మొదటి రెండు మూడు రోజుల ఇంటర్ఫెరానే.

ఇవి అరుదైన పెద్ద లోపాలు. ఇక అందరిలో ఉండే చిన్న తేడాల దగ్గరికి వద్దాం. ఇక్కడ కథ మన దాకా వస్తుంది.

2020లో ఇటలీ, స్పెయిన్ ఆసుపత్రుల్లో శ్వాస ఆడని స్థితికి వెళ్ళిన 1,610 మంది డీఎన్ఏను ఆరోగ్యవంతులతో పోల్చారు. మూడో క్రోమోజోము మీద ఒక ముక్క గట్టిగా బయటపడింది. దాదాపు 50 వేల డీఎన్ఏ అక్షరాల పొడుగు. ఆ ముక్క ఉన్నవాళ్ళకు విషమించే అవకాశం ఒకటిన్నర, రెండు రెట్లు. కొద్ది నెలలకే స్వాంతే పాబో, హ్యూగో జెబర్గ్ ఇంకో సంగతి చెప్పారు. ఆ ముక్క నియాండర్తల్ మనుషులది. క్రొయేషియాలో విందియా గుహలో దొరికిన 50 వేల ఏళ్ళనాటి ఎముకలో అదే అక్షరాల వరస ఉంది. నియాండర్తల్‌లు అంతరించి 40 వేల ఏళ్ళయింది, వాళ్ళకూ మన పూర్వీకులకూ పుట్టిన పిల్లల ద్వారా ఆ ముక్క మనకు వచ్చింది.

పాబోకు 2022లో నోబెల్ వచ్చింది లేండి, దీనికే కాదు, మొత్తం ప్రాచీన డీఎన్ఏ పనికి. ఆయన తండ్రి బెర్గ్‌స్ట్రోమ్‌కు 1982లో వచ్చింది. వంశపారంపర్యం అనకండి, ఆయన్ను పెంచింది తల్లి.

ఈ ముక్క ఎవరికి ఉంది? ఆఫ్రికాలో దాదాపు లేదు. చైనా, జపాన్ వైపు దాదాపు లేదు. యూరప్‌లో ప్రతి ఆరుగురిలో ఒకరికి. దక్షిణాసియాలో, అంటే మనకు, ఇద్దరిలో ఒకరికి. బంగ్లాదేశ్‌లో 63 శాతం మందికి కనీసం ఒక ప్రతి ఉంది. ఇక్కడ రెండు వందల మంది ఉన్నారనుకుంటే వంద మంది దాకా ఈ ముక్కతో కూర్చుని ఉంటారు. నేనూ అయ్యుండొచ్చు. ఆ ముక్కలో ఏ జన్యువు పని చేస్తోందన్నది 2021లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఎల్‌జెడ్‌టీఎఫ్ఎల్-1 అని చూపించింది. ఊపిరితిత్తుల లోపలి పొర వైరస్‌కు స్పందించే తీరును అది మారుస్తుందని వాళ్ళ వాదన.

అప్పుడు పేపర్లలో శీర్షికలు చూశారా? "భారతీయుల జన్యువుల్లోనే కోవిడ్ ముప్పు." ఇక్కడే నాకు కోపం వచ్చింది. ఎందుకంటే ఆ రెండు రెట్లు అన్న లెక్క యూరప్ రోగుల నుంచి తీసినది. ఆ ముక్క మన దగ్గర ఎక్కువ ఉందన్నది నిజం. మన దగ్గర కూడా అంతే హాని చేస్తోందన్నది మాత్రం వేరుగా తేల్చాల్సిన మాట. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి జ్ఞానేశ్వర్ చౌబే, హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి తంగరాజ్, మరికొందరు కలిసి 2021లో చూశారు. భారత్, బంగ్లాదేశ్ జనాభాల్లో ఆ ముక్క ఎక్కువ ఉన్నచోట మరణాలు ఎక్కువ ఉన్నాయా అని. సంబంధం కనిపించలేదు. ఇది ప్రాంతాల స్థాయి లెక్క, రోగి రోగినీ పోల్చింది కాదు, కాబట్టి దీంతోనూ కేసు మూసెయ్యలేం. కానీ ఇద్దరిలో ఒకరికి ఉండే జన్యువు గురించి మన రోగుల మీద పెద్ద అధ్యయనం చెయ్యకుండానే మనమంతా పాతకాలపు శాపంతో పుట్టామన్నట్టు రాసుకున్నాం.

నియాండర్తల్ వాళ్ళు కీడు ఒక్కటే ఇచ్చారని కూడా అనుకోకండి. 12వ క్రోమోజోము మీద ఓఏఎస్-1 జన్యువు ఉన్న ముక్క ఒకటి వాళ్ళదే, అది విషమించే ముప్పును సుమారు 22 శాతం తగ్గిస్తుంది. దండోరా విన్నాక వైరస్ ఆర్ఎన్ఏను ముక్కలు చేయించే పని ఆ జన్యువుది. మూడో క్రోమోజోము ముక్కే హెచ్ఐవీ సోకే అవకాశాన్ని 27 శాతం తగ్గిస్తుందని జెబర్గ్ తర్వాత చూపించాడు. ఒక వైరస్‌కు చెడ్డది, ఇంకో వైరస్‌కు మంచిది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ జన్యువు సంగతీ అదే లెక్క, ఒక ప్రతి ఉంటే మలేరియా నుంచి కాపాడుతుంది, రెండూ ఉంటే రక్తపు జబ్బు. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అని తెగేసి చెప్పేవాణ్ణి నమ్మకండి. ఏ జబ్బుకు అని అడగండి.

పసిపిల్లల తల్లులు ఇక్కడున్నారు కాబట్టి పిల్లికూతల గురించి చెప్తాను. పడిశం పట్టగానే కొందరు పిల్లలకు ఛాతీలో పిల్లికూతలు మొదలై, అర్ధరాత్రి నెబ్యులైజర్ పెట్టించాల్సి వస్తుంది. అదే పడిశం పక్కింటి పిల్లాడికి ముక్కు కారడంతో ఆగిపోతుంది. పడిశం తెచ్చే రైనోవైరస్‌లలో సి-రకం అని ఒకటుంది, 2006లో గానీ బయటపడలేదు. అది మన శ్వాసనాళంలో సీడీహెచ్ఆర్-3 అనే ప్రొటీన్ పట్టుకుని లోపలికి దిగుతుంది. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే ఆ ప్రొటీన్ కణం పైన ఎక్కువగా తేలుతుంది, వైరస్‌కు పట్టు ఎక్కువ దొరుకుతుంది. డెన్మార్కు వాళ్ళు ముందు ఆస్తమాతో మళ్ళీ మళ్ళీ ఆసుపత్రిలో చేరే పసిపిల్లల్లో ఈ మార్పు పట్టుకున్నారు. అది వైరస్ దిగే చోటని మరుసటి ఏడాది అమెరికాలో తేలింది. "పెరుగు పెట్టావు, అందుకే" అని కోడల్ని తిట్టే అత్తగార్లకు ఇది కాస్త చెప్పండి.

ఇక మన దగ్గర మనమే వెతకాల్సిన సంగతి. మేనరికాలు, సొంత కులంలోనే పెళ్ళిళ్ళు. ఇందాక ఫ్రెంచి పాప విషయం చెప్పాను, రెండు ప్రతులూ చెడితేనే జబ్బు. అక్కడ తల్లీ తండ్రీ వేరు వేరు లోపాలు మోసుకొచ్చారు, అది అరుదైన కాకతాళీయం. మన దగ్గర ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం, మేనమామ వైపు నుంచీ, అమ్మ వైపు నుంచీ తిరిగొచ్చి ఒకే బిడ్డలో కలుస్తుంది. మేనరికం చేసుకోకపోయినా, వందల ఏళ్ళుగా కొద్దిమంది మూలపురుషుల సంతానం తమలో తామే పెళ్ళాడుతుంటే ఇదే జరుగుతుంది. తంగరాజ్, డేవిడ్ రైక్ బృందం 2017లో చెప్పింది అదే. దక్షిణాసియాలో చాలా సమూహాలు, సంఖ్యలో లక్షల్లో ఉన్నా, జన్యువుల లెక్కన చిన్న ఊళ్ళలాంటివి.

వాళ్ళిచ్చిన ఉదాహరణ మన ఆంధ్ర వైశ్యులు. వాళ్ళలో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతావాళ్ళ కన్నా చాలా ఎక్కువ. మామూలు జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషన్‌కో, వెంటిలేటర్ గొట్టం వేయడానికో కండరాల్ని కాసేపు వదులుచేసే సక్సినైల్ కోలిన్ ఇంజెక్షన్ ఇస్తే, నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటలపాటు రాదు. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే వేరే మందు వాడతాడు, సమస్యే లేదు. చూడండి, ఇందులో కులం గొప్పా లేదు, తక్కువా లేదు. ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకునే సమాచారం.

వైరస్‌ల విషయంలో ఇలాంటిది మన దగ్గర ఉందా? సమోవా దీవుల్లో ఉంది. అక్కడి వాళ్ళలో ఇంటర్ఫెరాన్ గ్రాహకం ఐఎఫ్ఎన్ఏఆర్-1 పనిచెయ్యని లోపం ఎక్కువగా ఉందని 2022లో తేలింది. గ్రీన్‌లాండ్, కెనడా వైపు ఇన్యూట్ జనంలో దాని జంట, ఐఎఫ్ఎన్ఏఆర్-2 లోపం. రెండు ప్రతులూ చెడిన పిల్లలకు వైరస్ జబ్బులు ప్రాణం మీదకు తెస్తాయి. చిన్న దీవుల్లో వెతికారు, దొరికింది. మన దగ్గర వేల సమూహాలున్నాయి. జీనోమ్ ఇండియా పథకంలో 10 వేల మంది డీఎన్ఏ చదివే పని జరిగింది, 2025 జనవరిలో సమాచారం పరిశోధకులకు తెరిచారు. అది ఆరోగ్యవంతుల పటం. దాని పక్కన పెట్టడానికి రోగుల పటం కావాలి. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు న్యుమోనియాతో పోయారని మన ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో ఒక తల్లి చెప్తే, ఆ మాట కేస్ షీట్‌లోకి ఎక్కాలి, ఒక రక్తపు చుక్క దాచాలి. నేను అడిగేది అంతే, రాకెట్ కాదు.

ఇవన్నీ తెలిస్తే ఏం లాభం అని మొదట్లో అనుకున్నాం కదా. బ్రిటన్‌లో కెన్నెత్ బైలీ బృందం ఐసీయూల్లో 2,244 మంది డీఎన్ఏ చూస్తే దండోరా కబురును కణం లోపలికి మోసే టీవైకే-2 అనే జన్యువు పేరు వచ్చింది. అది ఎక్కువ పనిచేసే వాళ్ళకు జబ్బు విషమిస్తోంది. దండోరా మొదటి రోజు మోగకపోవడం ఒక ప్రమాదమైతే, పదో రోజున కూడా ఆగకుండా మోగడం ఇంకో ప్రమాదం. అప్పుడు ఊపిరితిత్తుల్ని పాడుచేసేది వైరస్ కాదు, మన వాపే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు 21వ క్రోమోజోము మూడు ప్రతులు ఉంటాయి, ఇంటర్ఫెరాన్ గ్రాహకాలు అక్కడే ఉన్నాయి. బ్రిటన్ లెక్కల్లో వాళ్ళకు కోవిడ్ మరణాలు పది రెట్లు. గ్రాహకాలు ఎక్కువుంటే మేలు కదా అనుకుంటాం, అలా జరగలేదు. ఈ టీవైకే-2 కుటుంబాన్ని అణచే మందు ఒకటి అప్పటికే ఉంది, కీళ్ళవాతానికి వాడేది, బారిసిటినిబ్. జన్యువుల ఆధారం చూసి, కోవిడ్ మందుల్ని రోగుల మీద పరీక్షించే బ్రిటన్ రికవరీ ట్రయల్‌లో చేర్చారు. 8 వేల మందికి పైగా రోగుల మీద, అప్పటికే స్టెరాయిడ్ ఇస్తున్నా కూడా, మరణాలు 13 శాతం తగ్గాయి. మన దేశంలో 2021 మేలో అత్యవసర వాడకానికి అనుమతించారు, ఇక్కడ చాలామంది డిశ్చార్జి కాగితాల్లో ఆ పేరు ఉంటుంది చూడండి. మన భవిష్యత్తు చెప్పడానికి జన్యువు పనికిరాలేదు. ఏ మీట నొక్కాలో చెప్పడానికి పనికొచ్చింది.

ప్రశ్నలుంటే తీసుకుందాం.

(సభికుల నుంచి: ఓ గ్రూపు రక్తం వాళ్ళకు రాదంటారు, నిజమేనా మాస్టారూ?)

రాదనడం తప్పు. ఇటలీ, స్పెయిన్ అధ్యయనంలోనే ఏ-గ్రూపు వాళ్ళకు కొంచెం ఎక్కువ, ఓ-గ్రూపు వాళ్ళకు కొంచెం తక్కువ కనిపించింది. జనాభా మొత్తం మీద లెక్కేస్తే కనిపించే తేడా అది. మీ ఒక్కరికి దానితో మాస్కు తీసేసేంత ధైర్యం రాకూడదు. ఓ-గ్రూపు వాళ్ళు చాలామందే పోయారు.

(వైద్య విద్యార్థిని: ఇంట్లో నలుగురికీ జబ్బు చేసి, ఒకరికి మాత్రం అసలు లక్షణాలే లేకపోవడం కూడా జన్యువులేనా సర్?)

కొంత. 2023లో ఒక పేపరు వచ్చింది, వైరస్ ముక్కల్ని టీ-కణాలకు చూపించే హెచ్ఎల్ఏ జన్యువుల్లో బీ 15:01 అనే రకం ఉన్నవాళ్ళు లక్షణాలు లేనివాళ్ళలో రెట్టింపు కనిపించారు. పాత జలుబు కరోనావైరస్‌లను ఎదుర్కొన్న టీ-కణాలు, అంటే వైరస్ పట్టిన కణాల్ని వెతికి చంపే రక్తకణాలు, కొత్తదాన్ని కూడా గుర్తుపట్టాయని వాళ్ళ వివరణ. అది అమెరికాలో, ఎక్కువగా తెల్లవాళ్ళ మీద చేసిన పని. నువ్వు పీజీలో ఇమ్యునాలజీ, అదే రోగనిరోధక శాస్త్రం, తీసుకుని ఇక్కడ చెయ్యమ్మా, పేపరు నేను చదువుతాను.

(ఒక పెద్దాయన: అయితే అందరం జీన్ టెస్టు చేయించుకోవాలంటారా?)

వద్దండి. డబ్బు దండగ. ఉమ్మి పంపితే మీ రోగనిరోధక శక్తి ఇంత శాతం అని చెప్పే కంపెనీల మాట అసలు వినకండి. అడగాల్సింది ఎప్పుడంటే, పిల్లాడు మామూలు ఫ్లూకో పడిశానికో ఐసీయూ దాకా వెళ్ళాడు, లేదా వాడి అన్నో అక్కో అలా పోయారు, లేదా తట్టు టీకా తర్వాత విపరీతంగా జబ్బు చేసింది. అప్పుడు పిల్లల డాక్టరుతో ఈ కుటుంబ చరిత్ర దాచకుండా చెప్పి, ఇమ్యునాలజీ వాళ్ళకు చూపించమని అడగండి. అది విని మిగతావాళ్ళు తట్టు టీకా మానేయకండి, టీకా లేని పిల్లల్ని తట్టు ఎక్కువగా చంపుతుంది.

(ఒకావిడ: మా అబ్బాయికి మా అన్నయ్య కూతుర్ని అనుకుంటున్నామండీ. వద్దంటారా?)

వద్దనడానికి నేనెవర్నమ్మా. లెక్క చెప్తాను. ఏ చుట్టరికమూ లేని దంపతుల బిడ్డల్లో పుట్టుకతో వచ్చే పెద్ద లోపాలు వందకు రెండు, మూడు. మేనబావా మరదళ్ళకు అది ఇంచుమించు రెట్టింపు. అంటే వందలో తొంభై మందికి పైగా బాగానే పుడతారు. మేనమామ మేనకోడలైతే దగ్గరితనం ఇంకా ఎక్కువ, ముప్పూ ఎక్కువే. అంతకన్నా ముఖ్యం, మీ రెండు వైపులా పసితనంలో పోయినవాళ్ళు, మాటిమాటికీ ఊపిరితిత్తుల జబ్బు చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మీ అమ్మగారినీ, మీ వదినగారి అమ్మగారినీ అడిగి రాసుకోండి. పెళ్ళి మాటలకు వెళ్ళేముందు ఆ కాగితం పట్టుకుని జెనెటిక్ కౌన్సెలింగ్ చేసే డాక్టరు దగ్గరికి అబ్బాయినీ అమ్మాయినీ ఇద్దర్నీ పంపండి. నిర్ణయం వాళ్ళిద్దర్నే చేసుకోనివ్వండి.